పక్కన నిలబడే పెద్దలు



మన పాలిటెక్నిక్ వర్క్‌షాప్ మాస్టారు బోర్డు మీద రాసి చెప్పింది తక్కువ. లేత్ దగ్గర కుర్రాడి పక్కన నిలబడి, వాడి చెయ్యి ఎక్కడ తడబడుతోందో చూసి, ఒక్క మాట చెప్పి, మళ్లీ వాడి చేతికే పని వదిలేసేవారు. ఆయన పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు, అమెరికాలో హైస్కూలు పిల్లల చేత రోబోలు తయారుచేయించే ‘ఫస్ట్’ అనే సంస్థ గురించి మాట్లాడతానని చెప్పాను. మాస్టారికీ దానికీ సంబంధమేమిటని నిర్వాహకులు అడిగారు. ఉంది. పని తెలిసిన పెద్దమనిషిని పని నేర్చుకునే పిల్లవాడి పక్కన కొన్నాళ్లపాటు నిలబెట్టడం ఎలాగన్న ప్రశ్నకు, గత ముప్ఫై అయిదేళ్లలో ప్రపంచంలో వచ్చిన గట్టి జవాబుల్లో ఆ సంస్థ ఒకటని నా నమ్మకం. రోబో అందుకు దొరికిన మంచి సాకు.

ఆ సంస్థను 1989లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్ ఊళ్లో డీన్ కేమెన్ స్థాపించారు. ఆయన 1951లో పుట్టారు. వూస్టర్ పాలిటెక్నిక్‌లో చేరి, డిగ్రీ పూర్తికాకుండానే బయటికి వచ్చేశారు. రోగి ఒంటికి తగిలించుకుని తిరగగలిగే మందు పంపు ఆయన తొలి విజయం. తర్వాత మెట్లెక్కే చక్రాల కుర్చీ ‘ఐబాట్’, రెండు చక్రాల ‘సెగ్వే’ వచ్చాయి. కేమెన్ బాధ ఒకటే. తన దేశంలో పిల్లలకు ఆటగాళ్ల పేర్లు తెలుసు, సినిమావాళ్ల పేర్లు తెలుసు, బతికున్న ఒక్క ఇంజినీరు పేరూ తెలియదు. పిల్లలు ఎవరికి చప్పట్లు కొడతారో వాళ్లలాగే కావాలనుకుంటారు కాబట్టి, బాస్కెట్‌బాల్‌కు ఉన్న గ్యాలరీ, బ్యాండు మేళం, కేకలు, కప్పు అన్నీ ఇంజినీరింగుకూ పెడదామనుకున్నారు.

ఆలోచన అంతవరకే ఆగి ఉంటే అదొక సంబరంగా మిగిలేది. దానికి వెన్నెముక ఇచ్చినవారు వుడీ ఫ్లవర్స్. లూసియానా రాష్ట్రంలో జీనా అనే చిన్న ఊళ్లో 1943లో పుట్టారు. తండ్రి వెల్డరు. ఆ వెల్డరు కొడుకు ఎంఐటీలో మెకానికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ అయ్యారు. అక్కడ 1970లలో డిజైన్ కోర్సును ఆయన మలిచిన తీరు ఇంజినీరింగ్ చదువుల చరిత్రలో నిలిచిపోయింది. ప్రతి విద్యార్థికీ ఒకే రకం సామాను ఉన్న సంచి ఇచ్చేవారు. అందులో రబ్బరు బ్యాండ్లు, కర్రముక్కలు, చిన్న మోటార్ల వంటివి ఉండేవి. వాటితోనే ఒక యంత్రం చేసి, టర్ము చివర తోటివాడి యంత్రంతో పోటీకి దించాలి. సంచి అందరికీ ఒకటే అయినా తయారైన యంత్రాల్లో ఏ రెండూ ఒకేలా ఉండేవి కావు. ఆ పోటీ చూడటానికి హాలు కిక్కిరిసిపోయేది. సూత్రం కంఠతా పట్టడం, లెక్క చకచకా చెయ్యడం శిక్షణ మాత్రమేననీ, ఆ లెక్కను ఎక్కడ వాడాలో ఆలోచించడం దగ్గరే చదువు మొదలవుతుందనీ ఫ్లవర్స్ జీవితాంతం వాదించారు. ఆయన 2019 అక్టోబరులో కన్నుమూశారు.

ఈ ఇద్దరి ఆలోచనా కలిసి, 1992లో మాంచెస్టర్‌లోని ఒక హైస్కూలు జిమ్నేజియంలో మొదటి పోటీ జరిగింది. జట్లు 28. ఆటస్థలమంతా మొక్కజొన్న గింజలు పరిచారు. వాటి మీద కదులుతూ టెన్నిస్ బంతుల్ని ఏరుకురావాలి. చెప్పడానికి తేలికే. గింజల్లో చక్రం జారుతుంది, కూరుకుపోతుంది, గింజ వెళ్లి ఇరుసులో ఇరుక్కుంటుంది. ఘర్షణ అధ్యాయం పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు అసలు ఘర్షణ ఏమిటో ఆ రోజే తెలిసి ఉంటుంది.

అప్పటినుంచి ఏటా జనవరి మొదట్లో కొత్త ఆట ప్రకటిస్తారు. అప్పటిదాకా అది ఎవరికీ తెలియదు. పాత రోబోను తుడిచి తెచ్చుకునే వీల్లేదు. చాలా ఏళ్లపాటు ఆరు వారాలే గడువు. ఆ తర్వాత రోబోను సంచిలో పెట్టి సీలు వేయాల్సిందే. ఆ సీలు నిబంధనను 2020 సీజన్ నుంచి ఎత్తేశారు. రోబో అంటే బల్ల మీద బొమ్మ అనుకోకండి. యాభై కిలోలకు పైబడిన బరువు, పన్నెండు ఓల్టుల బ్యాటరీ, మోటార్లు, గేర్లు, సెన్సార్లు, కెమెరా, వీటన్నిటినీ నడిపే ప్రోగ్రాము. ఆట దాదాపు రెండున్నర నిమిషాలు. మొదటి కొన్ని సెకన్లు ఎవరూ రిమోట్ ముట్టుకోకూడదు. పిల్లలు ముందుగా రాసిపెట్టిన ప్రోగ్రామే రోబోను నడపాలి. కంప్యూటరు తెరమీద సరిగ్గా నడిచిన ప్రోగ్రాము, చక్రం కింద కార్పెట్ కొంచెం జారితే గోడకు వెళ్లి గుద్దుకుంటుంది. కంప్యూటింగును కాగితం మీదనుంచి నేలమీదికి దించే పాఠం ఇంతకంటే మంచిది నాకు తెలియదు. చిన్నపిల్లలకు లెగో ముక్కలతో చేసే పోటీని 1998లో, తక్కువ ఖర్చులో నడిచే మధ్యస్థాయి పోటీని 2005లో మొదలుపెట్టారు. వాటి వివరాల్లోకి ఇప్పుడు వెళ్లను.

నియమాల్లోకి మాత్రం తప్పకుండా వెళ్లాలి. సంస్థ మనసు నియమాల్లోనే తెలుస్తుంది. తొలి ఏళ్లలో ఎవరి జట్టు వారిదే. 1999లో జట్లను జతకట్టి ఆడించడం మొదలుపెట్టారు. 2005 నుంచి ఒక్కో పక్షాన మూడేసి జట్లు. ఉదయం మీ ప్రత్యర్థిగా ఉన్న బడి మధ్యాహ్నం మీ పక్షాన ఆడొచ్చు. ఫైనల్ దశకు భాగస్వాముల్ని ఎంచుకునేది జట్లే కాబట్టి, ఇతరుల రోబో ఎలా పనిచేస్తుందో గౌరవంగా, శ్రద్ధగా చూడక తప్పదు. 2001లో అయితే ప్రత్యర్థి పక్షమే లేదు. నాలుగు జట్లు కలిసి గడియారంతో పోటీపడ్డాయి. కొన్ని సీజన్లలో గెలిచిన జట్టు పాయింట్లను ఓడిన జట్టు స్కోరునుంచే లెక్కగట్టారు. అవతలివాణ్ణి సున్నాకు తొక్కేస్తే నీకూ దక్కేది తక్కువే. మర్యాద తప్పని వృత్తిధర్మం అని ఫ్లవర్స్ పదేపదే చెప్పిన విలువను ఇలా లెక్కల్లోనే కూర్చారు. నీతివాక్యం గోడమీద రాస్తే పిల్లలు చదివి మర్చిపోతారు. స్కోరుబోర్డులో పెడితే వదలరు. అందుకే ఆ పోటీల్లో ఒక జట్టుకు గేరు విరిగితే మైకులో ప్రకటిస్తారు, ప్రత్యర్థి జట్టువాళ్లే తమ పెట్టెలోంచి గేరు తీసి పరుగెత్తుకొస్తారు.

ఇంకొక సంగతి మన విద్యాసంస్థల వాళ్లు ప్రత్యేకంగా వినాలి. ఆ పోటీలో అత్యున్నత బహుమతి గెలిచిన రోబోకు ఇవ్వరు. తన ఊళ్లో, తన బడిలో, చుట్టుపక్కల చిన్నపిల్లల్లో శాస్త్రం మీద ఆసక్తి పెంచడానికి ఏ జట్టు ఎక్కువ చేసిందో దానికిస్తారు. అలాగే 1996 నుంచి ఫ్లవర్స్ పేరిట ఒక పురస్కారం ఉంది. అది మెంటార్లకు, అంటే జట్టు పక్కన నిలబడే పెద్దలకు. ఎవరికివ్వాలో సూచించేది పిల్లలు. తమ మెంటారు తమకేం చేశారో వాళ్లే వ్యాసం రాసి పంపాలి. గురువు విలువను శిష్యుడు కాగితం మీద పెట్టడానికి ఇంత పద్ధతైన చోటు మన విద్యావ్యవస్థలో ఎక్కడుందో నాకు కనబడలేదు.

ఈ మెంటార్ల విషయంలో అక్కడ పాత తగవు ఒకటుంది. కొన్ని జట్ల రోబోలు మరీ తీర్చిదిద్దినట్టుంటాయి. చూసినవాళ్లు ఇది పిల్లలు చేసిందా, స్పాన్సరు కంపెనీ ఇంజినీర్లు చేశారా అంటారు. పెద్దలు పనిముట్టు ముట్టకూడదని ఒక వర్గం వాదిస్తుంది. కేమెన్, ఫ్లవర్స్ ఆ వర్గం కాదు. మంచి ఇంజినీరు పక్కన నిలబడి పనిచేస్తే చూసి ఉత్తేజం పొందడమే అసలు లాభమన్నది వాళ్ల మాట. నేను వాళ్ల వైపే, ఒక షరతు మీద. పెద్దాయన ఒకసారి చేసి చూపించాలి, రెండోసారి స్క్రూడ్రైవరు పిల్లచేతిలో ఉండాలి, మూడోసారి ఆ పిల్ల ఇంకో పిల్లకు చూపించాలి. పెద్దలు అసలు ముట్టకూడదంటే, ఇంట్లో ఇంజినీరు నాన్నో అమ్మో ఉన్న పిల్లలకే పని వస్తుంది. లేనివాళ్లు కిట్ ముందు కూర్చుని దిక్కులు చూస్తారు. పేద పిల్లలకు మెంటారు అవసరం అందరికంటే ఎక్కువ.

ఈ మాటకు ఋజువుగా అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరానికి రండి. పశ్చిమ ఫీనిక్స్‌లో కార్ల్ హేడెన్ హైస్కూలు. ఎక్కువమంది మెక్సికోనుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు. అక్కడ ఫ్రెడీ లజ్వర్ది, ఆలన్ కామెరాన్ అనే ఇద్దరు ఉపాధ్యాయులు రోబోటిక్స్ జట్టు నడిపేవారు. ‘ఫస్ట్’ పోటీల్లో పాల్గొనే ఆ బడి పిల్లలే 2004 వేసవిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా ప్రాంగణంలో జరిగిన నీటి అడుగు రోబోల పోటీకి వెళ్లారు. ఆ పోటీ వేరే సంస్థది. హైస్కూలు విభాగం ఉన్నా, ఉపాధ్యాయులు కాలేజీల విభాగంలోనే పేరిచ్చారు. కాలేజీల చేతిలో ఓడిపోతే అది పిల్లలకు చిన్నతనం కాదు కదా అన్నది వాళ్ల లెక్క. జట్టులో నలుగురు కుర్రాళ్లు. నీళ్ల పైపుల దుకాణంలో దొరికే పీవీసీ గొట్టాలతో రోబో చేశారు. అతుకులకు పూసిన జిగురు కంపుకొట్టడంతో దానికి ‘స్టింకీ’ అని పేరు పెట్టుకున్నారు. చందాలు పోగుచేసుకుని కట్టిన ఆ రోబో ఖర్చు, అదే పోటీకి వచ్చిన ఎంఐటీ జట్టు ఖర్చులో ఏ మూలకూ రాదు. తీరా పోటీ దగ్గరికి వచ్చాక ఎలక్ట్రానిక్స్ ఉన్న పెట్టెలోకి నీళ్లు కారడం మొదలైంది. మళ్లీ విప్పి అతికే సమయం లేదు. ఆడవాళ్లు నెలసరికి వాడే టాంపాన్లను కొని తెచ్చి, పెట్టె లోపల అమర్చి, కారే నీటిని వాటితో పీల్పించారు. మొత్తం మీద మొదటి స్థానం కార్ల్ హేడెన్‌కు వచ్చింది. ఎంఐటీ రెండో స్థానంలో నిలిచింది.

ఈ కథ మీద పుస్తకం వచ్చింది, 2015లో సినిమా వచ్చింది. గెలుపు దగ్గర కథ ఆపేస్తే వినసొంపుగా ఉంటుంది. నేను తర్వాతి భాగం కోసమే దీన్ని ఎత్తుకున్నాను. ఆ నలుగురిలో ఆస్కార్ వాస్కెజ్ అనే కుర్రాడు సైన్యంలో చేరాలనుకున్నవాడు. దేశంలో ఉండటానికి కాగితాలు లేకపోవడంతో అది కుదరలేదు. తర్వాత అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి 2009లో పట్టా పుచ్చుకున్నాడు. పట్టా ఉన్నా ఉద్యోగం చేసే హక్కు లేదు. తనంతట తాను మెక్సికో వెళ్లి, చట్టప్రకారం తిరిగి రావడానికి దరఖాస్తు పెట్టి, మరుసటి ఏడాది వచ్చి, అమెరికా సైన్యంలో చేరాడు. మిగతావారిలో ఇద్దరు వంటపని వృత్తిగా పెట్టుకున్నారు. అంటే పోటీలో గెలిచినంత మాత్రాన అందరూ ఇంజినీర్లు కాలేదు. డబ్బు, కాగితాలు, కుటుంబ పరిస్థితి ఇవన్నీ రోబోకంటే బలమైనవి. అయినా ఆ ఇద్దరు ఉపాధ్యాయులు లేకపోతే ఆ నలుగురికీ తమలో ఏముందో తెలిసే అవకాశమే ఉండేది కాదు. బడి పని అదే.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. కేమెన్ ఆధ్వర్యంలోనే ‘ఫస్ట్ గ్లోబల్’ అనే మరో సంస్థ 2017లో వాషింగ్టన్‌లో దేశాల మధ్య పోటీ పెట్టింది. అఫ్ఘానిస్తాన్‌లోని హెరాత్ నుంచి ఆరుగురు ఆడపిల్లల జట్టు రావాలి. వీసా రెండుసార్లు నిరాకరించారు. చివరికి అమెరికా అధ్యక్షుడి జోక్యంతో వచ్చి, ధైర్యసాహసాలకు గుర్తుగా వెండి పతకం పొందారు. ఆ వార్త అందరూ చదివారు. 2020లో జరిగింది తక్కువమందికి తెలుసు. కోవిడ్ హెరాత్‌ను కమ్మేసినప్పుడు వెంటిలేటర్లు దొరకలేదు. ఆ అమ్మాయిల జట్టు పాత టయోటా కొరొల్లా కారు విడిభాగాలు, మోటార్ సైకిల్ చెయిన్ పట్టుకుని, ఎంఐటీవాళ్లు బహిరంగంగా ఉంచిన నమూనా ఆధారంగా చవకైన వెంటిలేటరు నమూనా కట్టారు. లాక్‌డౌన్‌లో, బజారులో దొరికిన సామానుతో. అందరికీ ఒకే సంచి ఇచ్చి ఉన్నదాంతో చేయమన్న ఫ్లవర్స్ కోర్సు అసలు దేనికో హెరాత్ అమ్మాయిలు చూపించారు. 2021 ఆగస్టులో తాలిబాన్లు అధికారంలోకి వచ్చాక వాళ్లలో చాలామంది దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఈ సభలో ఉన్న అమ్మాయిలు ఆ జట్టు గురించి తప్పకుండా తెలుసుకోవాలి.

సంస్థలో లోపాలు లేవని నేననను. పెద్ద స్థాయి పోటీలో ఒక జట్టు సీజనుకు కట్టే ప్రవేశరుసుమే దాదాపు 6,000 డాలర్లు. రోబో సామాను, ప్రయాణాలు అదనం. స్పాన్సరు దొరకని బడి బయటే ఉండిపోతుంది. దీనికి మిషిగన్ రాష్ట్రంవాళ్లు 2009లో ఒక దారి కనుక్కున్నారు. పెద్ద స్టేడియాల్లో భారీ పోటీలు మానేసి, బడుల జిమ్నేజియంలలో చిన్న పోటీలు పెట్టారు. ఒకే రుసుముకు రెండు పోటీలు ఆడనిచ్చారు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వమే జట్లకు సాయం చేసింది. ఇవాళ అమెరికాలో అత్యధిక జట్లున్న రాష్ట్రం అదే. మిన్నెసోటాలో అయితే రోబో జట్ల సంఖ్య, అక్కడివాళ్లు ప్రాణంగా చూసుకునే అబ్బాయిల హాకీ జట్లను దాటిపోయింది. ఖర్చు దించితే పిల్లలు వస్తారు.

ఇక మన దగ్గరికి. సామాను లేదని మనం అనడానికి ఇప్పుడు వీల్లేదు. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016 నుంచి బడుల్లో టింకరింగ్ ల్యాబులు పెడుతోంది. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు. ఒక్కో బడికి 20 లక్షల దాకా సాయం. దేశంలో 10,000 ల్యాబులు ఏర్పడ్డాయి. ప్రభుత్వ బడుల్లో అయిదేళ్లలో మరో 50,000 పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. తెలంగాణలో సాంఘిక సంక్షేమ గురుకులాల వాళ్లు మొయినాబాద్‌లో కోడింగ్ అకాడమీ నడుపుతున్నారు. అక్కడి పాఠాల్లో బ్రిటన్‌లోని రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషన్ పాలుపంచుకుంది. అదీ లాభాపేక్షలేని సంస్థే. హైదరాబాద్‌లో నమూనాలు తయారుచేసుకోవడానికి టీ-వర్క్స్ ఉంది.

మరి నేను చూసిన కొన్ని బడుల్లో త్రీడీ ప్రింటరు అట్టపెట్టెలోంచి బయటికి ఎందుకు రాలేదు? సైన్సు టీచరును తప్పుపట్టలేం. ఆవిడకు పదో తరగతి సిలబస్, పరీక్షలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ హాజరు. కాలిపోయిన మోటారు డ్రైవరు బోర్డును ఎలా మార్చాలో ఆవిడకెవరూ నేర్పలేదు. కాలితే సంజాయిషీ ఇవ్వాలన్న భయం ఉంది. ల్యాబు సామాను బీరువాకు తాళం ఆ భయం వల్లే పడింది. కొన్ని ప్రైవేటు బడుల్లో ఇంకో పద్ధతి. బయటి శిక్షకుడు వారానికోసారి వచ్చి, బుక్‌లెట్‌లో ఉన్న బొమ్మ ప్రకారం కారు బిగించమంటాడు. నలభై మంది ఒకే కారు బిగిస్తారు. ఫొటో తీసి గేటు దగ్గర ఫ్లెక్సీ కడతారు. రోబోటిక్స్‌ను కూడా మనం ర్యాంకుల పట్టికలోకి లాగేస్తే, అది ఇంటర్మీడియట్ కోచింగుకు కింది తరగతి అవుతుంది. ఈ మాట కోపంతోనే అంటున్నాను.

మనకు కొరవడింది మెంటార్లు. నిజానికి మనదగ్గర ఉన్నంతమంది ఎక్కడ ఉన్నారు? బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, రక్షణ ప్రయోగశాలల్లో పనిచేసి రిటైరైనవాళ్లు హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలు ఉన్నారు. విశాఖలో స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు వాళ్లున్నారు. ప్రతి పట్టణంలో ఆర్టీసీ డిపో మెకానిక్కులు, ఐటీఐ బోధకులు ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో పది నిమిషాలు నడిస్తే, గేరు శబ్దం విని జబ్బు చెప్పేవాళ్లు పదిమంది తగులుతారు. వీళ్లలో చాలామందికి ఇంగ్లిషులో ప్రజెంటేషన్ ఇవ్వడం రాదు. పిల్లలకు అది అక్కర్లేదు. బోల్టు ఎంత బిగిస్తే చాలు, ఎంత బిగిస్తే మర తెగుతుంది అన్నది చెప్పగలిగితే చాలు. ప్రోగ్రాము వైపు సాయానికి మన ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగినులు ఉన్నారు. మహిళా ఇంజినీర్లు ముఖ్యంగా రావాలి. ల్యాబులో ఒక అక్క కనబడితేనే ఎనిమిదో తరగతి అమ్మాయి వెనక బెంచీనుంచి లేచి ముందుకొస్తుంది.

మిషిగన్‌లో, టెక్సస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మన తెలుగువాళ్లకు ఈ ఉపన్యాసం అచ్చుప్రతి చేరుతుందని తెలుసు. మీ పిల్లలు ఈ జట్లలో ఉన్నారు. శనివారాలు స్కూలు వర్క్‌షాపులో మీరూ గడుపుతున్నారు. సొంతూరి బడికి కంప్యూటర్లు కొనిపెట్టిన మీ మంచి మనసుకు దండం. ఈసారి డబ్బు బదులు సమయం ఇవ్వండి. మీ ఊరి బడిలో ఒక జట్టును ఎంచుకుని, ఒక సీజను పొడవునా వారానికో గంట వీడియోలో వాళ్ల ప్రోగ్రాము చూసి సరిదిద్దండి. సెలవుల్లో వచ్చినప్పుడు ఆ ల్యాబులో రెండు రోజులు కూర్చోండి.

ఇక్కడున్నవారికి నా అభ్యర్థన ఇంకా సులువు. వారానికి గంటా రెండు గంటలు టింకరింగ్ ల్యాబుకు కేటాయించే స్వచ్ఛంద మెంటార్లకోసం అటల్ మిషన్‌లోనే ఏర్పాటుంది. ప్రధానోపాధ్యాయులతో మన పూర్వ విద్యార్థుల సంఘం మాట్లాడుతుంది. విరిగిన భాగాల ఖర్చు సంఘం భరిస్తే టీచరమ్మకు సంజాయిషీ భయం ఉండదు. ఈ ఏడాది మాస్టారి పేరిట ఉన్న నిధి వడ్డీని దానికే వాడాలని కోరుతున్నాను. హాలు వెనక బల్ల మీద ఒక రిజిస్టరు ఉంచాం. మీ పేరు, మీకు చేతనైన పని, వారంలో మీరు రాగలిగే రోజు, మూడే గడులు. లేత్ పనైనా, వైరింగ్ అయినా, వెల్డింగ్ అయినా, పైథాన్ అయినా సరే. భోజనానికి వెళ్లే ముందు దయచేసి అందులో రాసి వెళ్లండి.